నిమ్మరసం ఇచ్చే పెద్దమనిషి

జనార్ధనరావు ఏదీ పారేసే మనిషి కాదు. విరిగిన గొడుగు ఊచలు, మాడిపోయిన ట్యూబులైట్లు, కొడుకు ఉమామహేశ్వర్ ఒకటో తరగతి బూట్లు, అన్నీ నాచారంలోని ఆయన ఇంటి అటక మీద రిటైరై విశ్రాంతి తీసుకుంటూ ఉండేవి. వాటి మధ్యే ఒక బ్యానరు కూడా ఉండేది. ఉప్పల్లో ఆయన పనిచేసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఒకప్పుడు యూనియన్ వాళ్లు కరువు భత్యం కోసం దీక్ష తలపెట్టి దాన్ని రాయించారు. తీరా కూర్చునే ముందురోజు ఢిల్లీ నుంచి భత్యం ఉత్తర్వు వచ్చేసింది. వీరులందరూ బ్యానరు మడతపెట్టి క్యాంటీన్‌కి వెళ్లిపోయారు. కొత్త గుడ్డ, ఒక్కసారైనా కట్టలేదు, వదలడానికి ప్రాణం ఒప్పక జనార్ధనరావు ఇంటికి తెచ్చుకున్నాడు.

తొంభైలో ఆ గుడ్డకి పని పడింది. కేంద్ర ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకి రిజర్వేషన్లిస్తామని ఢిల్లీ ప్రభుత్వం మండల్ కమిషన్ ఫైలు దుమ్ము దులిపింది. దేశమంతా కాలేజీ పిల్లలు రోడ్ల మీదకి వచ్చారు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న ఉమామహేశ్వర్ కూడా వచ్చాడు. అంతవరకు కాలనీలో వాడి కీర్తి అంతా అచ్యుతరావు గారి కిటికీ అద్దం బంతితో పగలగొట్టడమే. అచ్యుతరావు అంటే కాలనీ సంఘం అధ్యక్షుడు, అద్దం సంగతి మర్చిపోని మనిషి.

పిల్లలు వేసుకున్న పథకం చాలా సౌకర్యమైనది. ఉప్పల్ చౌరస్తాలో షామియానా వేసి రిలే నిరాహార దీక్ష. పొద్దున ఒక జట్టు కూర్చుంటుంది, సాయంత్రం లేచి ఇళ్లకి పోయి అన్నం తింటుంది, మర్నాడు ఇంకో జట్టు. వేసవిలో ఉమామహేశ్వర్‌కి కామెర్లు వచ్చి తగ్గాయి. ఇంకా నూనె ముట్టనివ్వని తల్లి హైమావతి కూడా, ఒక్కపూటే కదా అని ఒప్పుకుంది.

బ్యానరు రాయించాలంటే ఖర్చు. జనార్ధనరావు అటకెక్కి గుడ్డ దించాడు. పైన "కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల" అన్న వరుసని వెనక్కి మడిచి కుట్టిస్తే, కింద "ఆమరణ నిరాహార దీక్ష" అని ఎర్రగా, గుండ్రంగా, ముచ్చటగా మిగిలింది.

"నాన్నా, మాది రిలే కదా" అన్నాడు కొడుకు.

"పొద్దున్నించి సాయంత్రం దాకా ఆమరణమే అనుకో. ఆ అక్షరాలు ఎవడు చదువుతాడురా, రంగు చూస్తారు గానీ" అన్నాడు తండ్రి.

చదివేవాడు ఒకడు వచ్చాడు. పేపర్లో జిల్లా పేజీకి వార్తలు పంపే విలేకరి. వాడు స్కూటర్ దిగకుండానే బ్యానరు చదివి, ఫొటో తీసుకుని, సరిగ్గా "ఆమరణ" కింద కూర్చున్నవాడి పేరు అడిగి వెళ్లిపోయాడు. మర్నాడు పేపర్లో వచ్చింది, ఉప్పల్ చౌరస్తాలో ఉమామహేశ్వర్ అనే విద్యార్థి ఆమరణ దీక్ష ప్రారంభించాడని.

ఆ పొద్దున ఉమామహేశ్వర్ ఇంట్లో ఇడ్లీ తింటున్నాడు. గేటు దగ్గర గోల వినబడి జనార్ధనరావు బయటికి వచ్చి చూస్తే అచ్యుతరావు పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు, వెనకాల సగం కాలనీ. అద్దం సంగతి ఆయన ముఖంలో ఎక్కడా లేదు. లోపల పిల్లవాడు ఇడ్లీ తింటున్నాడని చెప్పడానికి జనార్ధనరావుకి నోరు రాలేదు. దండ తనే అందుకుని, ఇప్పుడే వస్తాడు, స్నానం చేస్తున్నాడని చెప్పాడు. లోపలికి వచ్చి కొడుకు ముందు ప్లేటు తీసేశాడు. రెండు రోజులు కూర్చుంటే చాలు, ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇస్తాడు, లేచి వచ్చేయొచ్చు, ఇవన్నీ అలాగే జరుగుతాయని నచ్చజెప్పాడు. హైమావతి వాడి కామెర్ల మాట ఎత్తింది. ఉప్పు వేసిన నీళ్లు తాగుతాడులే అన్నాడు. ఉమామహేశ్వర్ చెయ్యి కడుక్కున్నాడు. ఆ ప్లేటులో ఒకటిన్నర ఇడ్లీ మిగిలిపోయింది.

రెండు రోజుల్లో జనార్ధనరావు జీవితం మారిపోయింది. ఆఫీసులో డైరెక్టరు పిలిచి కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఎన్నడూ పలకరించని బంధువులు టెలిగ్రాములు ఇచ్చారు. సాయంత్రాలు కాలనీ ఆడవాళ్లు పట్టుచీరలు కట్టుకుని షామియానాకి వచ్చి, నీరసపడ్డ పిల్లవాణ్ణి చూసి కళ్లు ఒత్తుకుని, ఎదురుగా మిర్చిబజ్జీలు తిని వెళ్లేవారు.

మూడో నాడు నిమ్మరసం వచ్చింది. తెచ్చింది ఎమ్మార్వో. జనార్ధనరావు ఆయన్ని పక్కకి తీసుకెళ్లి ఎంతో మర్యాదగా వెనక్కి పంపేశాడు. మండల్‌కి వ్యతిరేకంగా కూర్చున్నవాడికి మండలాధికారి వచ్చి నిమ్మరసం ఇస్తే ఏం బాగుంటుందని అచ్యుతరావు చెవిలో వేసిన మాట ఆయనకి న్యాయంగా తోచింది. పైగా ఒక మంత్రిగారు వస్తానన్నారని కబురు. మంత్రిగారి చేతి నిమ్మరసమంటే ఫొటో మొదటి పేజీలో పడుతుంది.

మంత్రిగారు ఆ రోజు రాలేదు. మర్నాడు వస్తారన్నారు. మర్నాడు కూడా మర్నాడే అన్నారు.

పిల్లవాడి కళ్లు పచ్చబడటం ముందు హైమావతి చూసింది. షామియానాకి వేసిన పసుపు గుడ్డ వల్ల అలా కనబడుతోందన్నాడు జనార్ధనరావు. అన్నాడే గానీ, తర్వాత కొడుకు కళ్లలోకి చూడటం మానేశాడు.

ఆ మధ్యాహ్నమే ఆశీర్వాదం వచ్చాడు.

ఆశీర్వాదం జనార్ధనరావు పక్కింటాయన, మౌలాలి రైల్వే షెడ్డులో ఫిట్టరు. ఆయన పెరట్లోని నిమ్మచెట్టు కొమ్మ ఒకటి గోడ దాటి ఇటు వంగి ఉండేది. ఆ కొమ్మ కాయలు ఎవరివన్న విషయం ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. జనార్ధనరావు పొద్దున్నే కోసుకునేవాడు, ఆశీర్వాదం పొద్దున్నే అటు చూసేవాడు కాదు. క్రిస్మస్‌కి ఆయన భార్య దానమ్మ పంపే కేకులో గుడ్డు ఉంటుందని హైమావతి దాన్ని పనిమనిషికి ఇచ్చేసేది. కానీ గిన్నె మాత్రం ఖాళీగా తిప్పి పంపేది కాదు. ఎవరి గిన్నె అయినా ఖాళీగా ఇవ్వకూడదని ఆమె పట్టుదల. కాసిని వడియాలో, గుప్పెడు పంచదారో వేసే పంపేది.

ఆశీర్వాదం చేతిలో మూతపెట్టిన స్టీలు గ్లాసు ఉంది. షామియానా కింద అందరూ అటు తిరిగారు. ఆయన ఏ కులాల లెక్కలోకి వస్తాడో అక్కడ అందరికీ తెలుసు. ఆయన కూతురు గ్రేస్ డిగ్రీ చదువుతోంది. ఈ దీక్ష గెలిస్తే నష్టపోయేది ఆ పిల్లే.

ఆయన ఎవర్నీ చూడకుండా ఉమామహేశ్వర్ పక్కన గొంతుకూర్చున్నాడు.

"రావు సారూ, నీ కొడుకు గెలిస్తె మా గ్రేస్‌కు నౌకరి రాదు. గదంత తర్వాత కొట్లాడుకుందం. ముందుగాల పిల్లగాన్ని జర తాగనియ్యి."

ఉమామహేశ్వర్ గ్లాసు వైపు చూశాడు. తర్వాత తండ్రి వైపు చూశాడు. పెదాలు కొంచెం విడిపోయాయి. చిన్నప్పుడు బజారులో పీచుమిఠాయి బండి ముందు నిలబడి, అడగకుండా, అలాగే చూసేవాడు.

జనార్ధనరావు అచ్యుతరావు వైపు చూశాడు. ఆయన చిన్నగా దగ్గాడు.

"సాయంత్రం మంత్రిగారు వస్తున్నారండీ" అన్నాడు జనార్ధనరావు. "ఇంత దూరం వచ్చి, ఇప్పుడు..."

"మంత్రి తెచ్చేది గూడ నిమ్మకాయ నీళ్లే గద సారూ."

జనార్ధనరావు గ్లాసు అందుకుని, చాలా సంతోషమండీ అని, ఫొటోలో పడకుండా బల్ల కిందకి జరిపాడు. ఆశీర్వాదం పిల్లవాడి పాదం మీద ఒకసారి చెయ్యి వేసి, లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం మంత్రిగారు వేరే చోట రిబ్బను కత్తిరించడానికి వెళ్లారు. పొద్దు గుంకేవేళ ఉమామహేశ్వర్ దిండు మీదకి ఒరిగాడు. వాడు నిద్రపోతున్నాడనుకుని తండ్రి దుప్పటి సర్దాడు. తల్లి వచ్చి దుప్పటి తీసింది. దవాఖానాలో డాక్టరు మొదట అడిగింది ఇంతకుముందు కామెర్లు వచ్చాయా అని. వాడు మళ్లీ మాట్లాడలేదు. రెండోనాడు పోయాడు.

శవయాత్ర నాచారం నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా సాగింది. అచ్యుతరావు ముందు నడిచి దారి చేశాడు. మంత్రిగారు సంతాపం పంపారు. బ్యానరునీ, బల్ల కింద దొరికిన స్టీలు గ్లాసునీ షామియానా మనిషి ఇంటికి తెచ్చి ఇచ్చాడు. జనార్ధనరావు బ్యానరుని పెరట్లోకి తీసుకెళ్లి కాల్చేశాడు. ఆయన ఒక వస్తువుని పారేయడం అదే మొదటిసారి.

గ్లాసు మీద "దానమ్మ" అని పేరు కొట్టి ఉంది. హైమావతి దాన్ని తోమి అలమారలో పెట్టింది. అక్కడే ఉండిపోయింది.

నవంబరులో ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయింది. అచ్యుతరావు లడ్డూల ప్యాకెట్టుతో వచ్చాడు. మీవాడే కూల్చాడండీ, మన కాలనీ కుర్రాడు ఢిల్లీని కదిలించాడని చెప్పి, కూడలిలో ఒక ఫలకం పెట్టిద్దామని కూడా అన్నాడు. ఆయన వెళ్లాక జనార్ధనరావు పేపరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. ఎవరో మద్దతు తీసేసుకున్నారట, రథయాత్రట, సభలో బలం చాలలేదట. పొడుగాటి వాక్యం మధ్యలో ఎక్కడో "విద్యార్థుల ఆందోళన" అని ఉంది. ఆ రెండు మాటల్లో తన కొడుకు ఏ పక్క కూర్చున్నాడో అని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

తర్వాత లేచి అలమారలో గ్లాసు తీసి, అందులో రెండు లడ్డూలు పెట్టాడు. ఎన్నాళ్లని ఉంచుకుంటాం, వాళ్లది వాళ్లకిచ్చేద్దామన్నాడు. హైమావతి గ్లాసు అందుకుని లడ్డూలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇన్నాళ్లూ ఏం వేసి ఇవ్వాలా అనే చూశాను" అంది. "ఇందులో ఇంకేం పట్టదండీ. ఖాళీగానే ఇచ్చేయండి."

జనార్ధనరావు పక్కింటి గేటు తీసుకుని వెళ్లాడు. ఆశీర్వాదం కుర్చీ వేశాడు. దానమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. చెట్టు నిండా కాయలున్నాయి. గోడవతలి కొమ్మకి కూడా ఉన్నాయి, ఈమధ్య ఎవరూ కోయడం లేదు. ఇద్దరూ చాలాసేపు ఆ చెట్టునే చూస్తూ కూర్చున్నారు.

"మంత్రిగారు రాలేదండీ" అన్నాడు జనార్ధనరావు.

"ఎరుకే సారూ" అన్నాడు ఆశీర్వాదం.

ఇంటికి వచ్చినవాళ్లకి ఇచ్చినట్టే దానమ్మ ఆయనకీ నిమ్మకాయ నీళ్లు తెచ్చి ఇచ్చింది. చేతికి ముందు ఏది దొరికితే అందులోనే పోసినట్టుంది, అదే గ్లాసు. ఇచ్చాక చూసుకుంది. వెనక్కి తీసుకోబోయి, తీసుకోలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జనార్ధనరావు గ్లాసు పట్టుకుని వీధి వైపు ఒకసారి చూశాడు. ఎవరూ రావడం లేదు. తాగాడు.