చెప్పూలు ఇక్కడ

పొద్దున్నే ఫోన్ మోగింది. "ఇంకా ఎత్తలేదాండీ?" అన్నాడు అవతలి మనిషి.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అన్నయ్య పోయి రాత్రి గడిచిందో లేదో, ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్ చేసి అడగాల్సిన మాటేనా అది? "ఆసుపత్రి వాళ్ళు సాయంత్రానికి గానీ ఇవ్వమన్నారు. ఇచ్చాక ఎత్తుతాం. మధ్యలో మీకేం తొందర?" అని అరిచాను.

"నేను మున్సిపాలిటీ నుంచండీ. పార్కులో చెత్త సంగతి అడుగుతున్నా," అన్నాడు గొంతు తగ్గించి. అప్పుడు గుర్తొచ్చింది, నిన్న పార్కులో మా పేట పిల్లల డాన్సు ప్రోగ్రాం అయిందని, దానికి పర్మిషన్ తీసుకున్నది అన్నయ్యేనని. అతను పాపం సారీ చెప్పాడు గానీ రూలు మాత్రం చెప్పకుండా వదల్లేదు. ప్రోగ్రాం అయిన మర్నాడు మధ్యాహ్నంలోగా పార్కు ఎలా ఉన్నదో అలా అప్పజెప్పాలి. కుర్చీలు, తాళ్ళు, కాగితాలు, నేల మీద రాతలు ఏవీ మిగలకూడదు. పర్మిషన్ తీసుకున్నవాళ్ళ తరఫున ఒక మనిషి దగ్గరుండాలి. లేదంటే పిల్లలకి ఇంకెప్పుడూ పార్కు ఇవ్వరు.

ఏటా ఆ పిల్లల కోసం కాళ్ళరిగేలా తిరిగినవాడు మా అన్నయ్య. చివరికి అక్కడే, వైర్లు చుడుతూ చుడుతూ కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది. వాడి మూలంగా పిల్లలకి పార్కు లేకుండా పోవడమా అనిపించి, చెప్పులేసుకుని బయల్దేరాను.

వదిన వంటింటి గడపలో కూర్చుని ఉంది. రాత్రి నుంచి కంట తడి లేదు, నోట మాట లేదు. నేను సంగతి చెబితే తల ఎత్తి ఒకటే అడిగింది.

"నిన్న మీ అన్నయ్య రాసినవాటికి దీర్ఘాలు పెట్టేశారా?"

మా అన్నయ్య బోర్డులు రాసే పెయింటరు. చెయ్యి ఎంత బాగుంటుందో స్పెల్లింగు అంత అధ్వాన్నం. కొమ్ము కనిపిస్తే చాలు, కుంచె ఆగేది కాదు, దీర్ఘం ఇచ్చి తోక తిప్పేవాడు. 'పాలు' రాయమంటే 'పాలూ' అని రాసేవాడు. అందరూ వాణ్ణి 'కొమ్ములు తిరిగిన పెయింటరు' అని ఏడిపించేవాళ్ళు. అందుకే పెళ్ళైన కొత్తలోనే వదిన తడిగుడ్డ పట్టుకుని వాడి వెంట పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. వాడు రాయడం, ఆవిడ "దీర్ఘం" అనడం, "ఎంత చక్కగా తిరిగిందో చూడవే, ఉండనీ" అని వాడు బతిమాలడం, ఆవిడ పట్టించుకోకుండా తుడిచెయ్యడం. వాళ్ళ కాపురమంతా అలాగే గడిచింది. నిన్న మోకాలు నొప్పని ఆవిడ పార్కుకి రాలేదు.

"ఏమో, నేను చూడలేదు వదినా," అని వచ్చేశాను. నిజంగానే చూడలేదు, నిన్న వాటిని చూసే తీరికెక్కడిది?

పార్కులో అప్పటికే ఊడుస్తున్నారు. కుర్చీలు వెళ్ళిపోయాయి. పిల్లలు ఆడే చెక్క నేలని ఇద్దరు మనుషులు కడుగుతున్నారు. ఖాకీ కోటు వేసుకున్న సూపర్‌వైజరొకావిడ, చేతిలో విజిలు. చెక్క నేల పక్కన సిమెంటు బాట మీద తెల్లగా, బారెడు బారెడు అక్షరాలు. జిగురు కలిపిన సున్నంతో రాశాడు, కడిగితే పోయే రంగే వాడాలన్నది కూడా వాళ్ళ రూలే.

చెప్పూలు ఇక్కడ.

నిన్న పిల్లలంతా దాని చుట్టూ చేరి, "పూలు ఎక్కడ మావయ్యా, చెప్పులేగా ఉన్నాయి?" అని పడీ పడీ నవ్వారట. ఇవాళ ఏ వేళప్పుడు వచ్చారో, ఆ పిల్లలే తెచ్చి పెట్టారు కాబోలు, ఆ అక్షరాల మీద నిజంగానే పూలున్నాయి. తోటల్లోంచి తెంపిన పూలు, కాడలతో సహా. అన్నయ్య పడిపోయింది అక్కడే.

"అవి కూడా తియ్యండి," అంది సూపర్‌వైజరు ఊడ్చేవాళ్ళతో.

"ముట్టుకుంటే ఊరుకోను," అన్నాను.

నేనెవరో చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "పూలు మీరు ఇంటికి పట్టుకెళ్ళండమ్మా. రాసింది మాత్రం కడగాలి. నా చేతుల్లో లేదు."

"ఎందుకు కడగాలి? చెక్క నేల మీదకి చెప్పులతో ఎక్కకూడదన్నది ఎవరి రూలు? మీదేగా! మీకు బోర్డు పెట్టే తీరిక లేకపోతే మా అన్నయ్య రాశాడు. మీ పని వాడు చేసి పెడితే అది చెత్త ఎలా అవుతుంది?"

ఏడుస్తూ పోట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. ముక్కు చీదుకుంటూనే ఆవిణ్ణి కడిగేశాను. ఆవిడ పక్కకి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసి, చాలాసేపు మాట్లాడి వచ్చింది.

"పార్కుకి పనికొచ్చే సూచన అయితే ఉంచొచ్చన్నారు. తప్పుల్లేకుండా ఉండాలన్నారు." బాట వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. "నాకేం తప్పు కనబళ్ళేదు లెండి. రేపు పైన వార్నిష్ వేయించుకోండి, వానకి పోకుండా ఉంటుంది."

ఆవిడ చేతులు పట్టుకున్నాను. అన్నయ్య పోయాక నాకు ఊపిరాడింది అప్పుడే. వాడు ఊరంతా రాసిన బోర్డుల్లో వదిన తుడవని దీర్ఘం ఇదొక్కటే. ఇంటికి ఫోన్ చేసి వదినని పంపమన్నాను. ఒక్కసారి చూస్తే ఆవిడ గుండెలో గడ్డకట్టినది కరుగుతుందని నా ఆశ.

ఎదురింటావిడ స్కూటరు మీద దింపి వెళ్ళింది. వదిన మోకాలు పట్టుకుని మెల్లగా నడిచి వచ్చింది. నేను పూలన్నీ ఏరి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను, అక్షరాలు బాగా కనబడాలని. వదిన వాటి ముందు నిలబడింది. మొదటి నుంచి చివరిదాకా చూసింది. కింద కూర్చుంది.

"దీర్ఘం," అంది.

ఎవరితో అందో నాకు అర్థమైంది. నేను లేచేలోపే పక్కనున్న బకెట్లోంచి తడిగుడ్డ తీసింది. ఒక్క తుడుపు. చెయ్యి తిరిగిన మనిషి కదా, పక్క అక్షరానికి మచ్చైనా అంటలేదు.

చెప్పులు ఇక్కడ.

గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. పక్కకి తిరిగి చూసింది. "ఉండనీ" అని బతిమాలే మనిషి కోసం అనుకుంటాను. అక్కడ సూపర్‌వైజరు నిలబడి ఉంది.

"అయ్యో! ఎంత పని చేశాను," అంది వదిన. "ఎంత పని చేశానే!"

తుడిచిన చోట వేళ్ళతో తడిమింది. తడి సిమెంటు తప్ప ఏమీ లేదు. అంచున కారిన తెల్లని నీళ్ళని వేలితో పైకి లాగి, తోక తిప్పబోయింది. అది తోకలా తిరగలేదు, మరకైంది. అప్పుడు ఏడ్చింది వదిన. పార్కంతా వినబడేలా ఏడ్చింది. నేను పక్కన కూర్చుని పట్టుకున్నాను.

"మిగతాదంతా అలాగే ఉందమ్మా," అంది సూపర్‌వైజరు పక్కన వంగి. "ఉంచేద్దాం. ఇప్పుడు తప్పు కూడా లేదు."

వదిన తల అడ్డంగా ఊపింది. గుడ్డ ఆవిడ చేతికిచ్చింది.

"కడిగించెయ్యండి. ఇలా ఎవరైనా రాస్తారు."