అవతలి వైపు నవ్వు

నాంచారయ్య మోటారు షెడ్డు వెనక తలుపు తీస్తే ఇప్పుడు ఇండియానాపొలిస్ వస్తోంది. నిన్నటిదాకా ఏలూరు కాలువ వచ్చేది. ముందు తలుపు మాత్రం ఎప్పటిలాగే బెజవాడ గవర్నరుపేటలోకి తెరుచుకుంటుంది. అటునుంచి రిక్షాల బెల్లులు, హోటలు ఇడ్లీల ఆవిరి వస్తూనే ఉన్నాయి.

వెనక తలుపు అవతల నల్లటి రోడ్డు ఉంది. తలుపు ఎదుట మాత్రం రోడ్డంతా ఇటుకలు పరిచి ఉంది. దాని వెనక ఆకాశం సగం దాకా మెట్లు, మెట్ల నిండా జనం. మగవాళ్ళంతా టోపీలు పెట్టుకున్నారు. ఏటా మే నెలాఖరులో ఇక్కడ ఐదువందల మైళ్ళ కార్ల పందెం జరుగుతుంది. ఈ ఏడు 1956. కార్లు ముప్పై మూడు రావాలి. ఒకటి తప్ప అన్నీ వచ్చి వరసల్లో నిలబడ్డాయి. రావలసిన ఆ ఒక్కటీ నాంచారయ్య షెడ్డులో ఉంది.

ఆ కారు పొడుగ్గా, నేలకు అంటుకుపోయి, నిమ్మపండు రంగులో ఉంది. పైకప్పు లేదు. నాలుగు చక్రాలూ ఎండ్రకాయ కాళ్ళలాగా ఒంటికి బయటే ఉన్నాయి. ఉన్నది ఒకటే సీటు.

నాంచారయ్య మీసం రాకముందు నుంచీ బస్సుల ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాడు. సీటు తనకోసమే అనుకుని చేతులు తుడుచుకుని ఎక్కుతాడు. సీటు అతన్ని ఒప్పుకోదు. మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి, భుజాలు పట్టవు. పక్కకు తిరిగి ప్రయత్నిస్తాడు. చివరికి దిగుతాడు.

అప్పుడే అతని భార్య హైమవతి కాఫీ గ్లాసు తెచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఎట్లా ఉంటుందో చూద్దామని ఎక్కి కూర్చుంటుంది. డబ్బాకు మూత పడ్డట్టు పడుతుంది.

"ఏమండీ, బ్రేకేది?"

"నీకెందుకే, దిగు."

"దిగాలంటే ఆపాలి గదా. ఆపాలంటే ముందు పోనివ్వాలి," అంటుంది హైమవతి, కొంగు నడుముకు బిగించి.

తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన జెండా చంకలో పెట్టుకుని వస్తాడు. పందేనికి ఆయనే పెద్ద. తెలుగే మాట్లాడతాడు, కాస్త ఏలూరు యాసతో. "డ్రైవరమ్మ కూర్చున్నారుగా. ఇంక తోయించండి," అంటాడు. నాంచారయ్య కారు వెనక చెయ్యి వేసి తోస్తాడు.

పందెం మొదలవుతుంది. కార్లన్నీ ఎడమవైపే తిరుగుతాయి. హైమవతి నిమ్మకాయంత అయి, నిమ్మగింజంత అయి, మలుపు తిరిగి పోతుంది. మలుపు దాటాక అవతలి వైపు రోడ్డు షెడ్డులోంచి కనపడదు. చెట్లు అడ్డం. చెట్ల వెనక ఇంజన్ల చప్పుడు మాత్రం ఉంటుంది.

తిరిగి వచ్చేసరికి ఆమె అందరికంటే ముందుంది.

ఒక్కో చుట్టుకీ షెడ్డులో ఒక్కో ఋతువు గడుస్తుంది. ఒక చుట్టులో ఆమె భుజాల మీద చినుకులతో వస్తుంది, ఇక్కడ మాత్రం ఎండ. ఇంకో చుట్టులో ఆమె దగ్గర మామిడి పిందెల వాసన వేస్తుంది. చీర రంగు ఎప్పుడు మారిందో నాంచారయ్యకు తెలియదు. అతను కొనని చీర అది.

పెట్రోలుకీ టైర్లకీ మధ్యమధ్య కారు షెడ్డు వెనక తలుపు దగ్గర ఆగాలి. అప్పుడు జాకీ వేసి ఎత్తి, అరిగిన చక్రాలు లాగి, కొత్తవి ఎక్కిస్తాడు. ఆ కాసేపే ఆమె అతని ఎదుట ఉంటుంది. మొదటిసారి ఆగినప్పుడు మంచినీళ్ళు అడుగుతుంది. ముఖమంతా మసి. కళ్ళద్దాలు పైకి నెడితే ఆ చోట రెండు శుభ్రమైన గుండ్రాలు. పెదాల చివర ఒక నవ్వు ముక్క మిగిలి ఉంది.

"ఎందుకు నవ్వుతున్నావ్?"

"నవ్వా? అది అక్కడే అయిపోయిందండీ."

"ఎక్కడ?"

"అవతలి వైపు," అని గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోతుంది.

నాంచారయ్య గ్లాసు పట్టుకుని నిలబడతాడు. ఆమె నవ్వు మొదలెట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకోవాలని చూస్తాడు. ఇంట్లో ఎప్పుడైనా నవ్వితే అతను వచ్చేసరికి ఆగేది. ఇప్పుడు రెండు లక్షలమంది చూస్తుండగా కూడా అతని వంతుకు తోకే వచ్చింది.

ముందు తలుపులోంచి అతని అక్క మాణిక్యం క్యారియరు తెస్తుంది. ఖాళీ ఆయిలు డ్రమ్ము మీద కూర్చుని రెండు చుట్లు చూస్తుంది.

"ఏరా నాంచారయ్యా, మీ ఆవిడ ఎనకమాల ఆ ఎర్రకారోడెవడ్రా?"

"పందెంలో వాడక్కా. ఎవరో ఒకరు వెనకుండాలి గదా."

"ఉండాల్లే. ప్రెతి చుట్టూ వాడే ఉండాలా?"

నాంచారయ్య రోడ్డు వైపు తిరుగుతాడు. చూస్తే నిజమే. ఎర్ర కారు ముక్కు నిమ్మపండు కారు తోకకు జానెడు దూరంలో ఉంటుంది. మలుపులోకి ఇద్దరూ కలిసే ఒరుగుతారు. కలిసే చెట్ల వెనక్కి పోతారు. అక్కడ ఇద్దరూ ఎంతసేపు ఉంటారో ఇక్కడ ఎవరికీ లెక్క లేదు.

"క్యారియరు ఇక్కడ పెడతన్నా. తిను," అని మాణిక్యం లేచి, చీర దులుపుకుని, వచ్చిన పని అయిపోయినట్టు వెళ్ళిపోతుంది.

వెనక తలుపు పక్కన నల్లబల్ల ఒకటి ఉంది. డ్రైవర్లకు చెప్పాల్సింది దానిమీద సుద్దతో రాసి ఎత్తి పట్టుకోవాలి. అటూ ఇటూ మిగతా కార్ల షెడ్లవాళ్ళు ఎన్నో స్థానంలో ఉన్నారో, ఇంకా ఎన్ని చుట్లున్నాయో రాస్తున్నారు. నాంచారయ్య పెద్ద అక్షరాలతో "అతనెవరు?" అని రాసి తలపైకి ఎత్తుతాడు.

ఆమె దాటిపోతూ "వెనక్కి" అని అరుస్తుంది.

తర్వాతి చుట్టులో "చూస్తే" అంటుంది. ఆ తర్వాత "గదా" అంటుంది. ఆ మూడు మాటల మధ్యా షెడ్డులో ఒక వానాకాలం, ఒక చలికాలం పోతాయి, క్యారియరులో పప్పు చల్లారుతుంది. నాలుగో చుట్టులో "తెలిసేది" అనే మాట వచ్చి ఇటుకల మీద పడుతుంది. మాటతో పాటు నవ్వు తోక కూడా.

ఈసారి టైర్లకోసం ఆమె ఆగగానే నాంచారయ్య ఎదర ఎడమ చక్రం విప్పి, దొర్లించుకుంటూ షెడ్డులోకి తీసుకుపోయి, పడుకోబెట్టి, దానిమీద కూర్చుంటాడు.

ఎర్ర కారు ఆమె వెనక వచ్చి ఆగుతుంది. దాని వెనక ఇంకోటి. ముప్పై రెండు కార్లూ వెనక తలుపు అవతల వరసగా నిలబడిపోతాయి. మెట్ల మీద జనం నిశ్శబ్దమవుతారు. ఎక్కడో పై వరసలో ఒకాయన దగ్గితే ఇక్కడికి వినపడుతుంది.

తెల్ల టోపీ పెద్దమనిషి పరుగున వస్తాడు. "ముందు కారు ఆగిపోతే వెనక కార్లు దేని వెనక పోవాలయ్యా?"

"వాళ్ళ ఇష్టం," అంటాడు నాంచారయ్య.

హైమవతి కారు దిగదు. సీట్లోంచే షెడ్డులోకి చూస్తుంది. "చక్రం ఏదండీ?"

"వెతుకుతున్నా."

"మీరు దాని మీదే కూర్చున్నారు."

"అవును. కూర్చుని వెతుకుతున్నా."

ఆమె చేతి తొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. ఇంత తీరిగ్గా ఆమె అతనికి దొరికి ఎన్నాళ్ళో అయింది. అడగాలనుకున్నవన్నీ నాంచారయ్య నోటిదాకా వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చివరికి బయటపడిన మాట ఇది: "అన్నం తిన్నావా?"

"లేదు."

"అక్క పప్పు తెచ్చింది. చల్లారిపోయింది."

"పర్లేదు లెండి." మళ్ళీ ఆమే అంటుంది: "అక్కడ ఎందుకు నవ్వానో అదే గదా మీ బాధ. అక్కడ నన్నెవరూ పిలవరండీ. ఇదెక్కడ పెట్టావనీ, అది తెమ్మనీ అడగరు. అంత పొడుగు రోడ్డూ నేనొక్కదాన్నే. నవ్వొస్తుంది."

"మరి వాడో?"

"వాడెవరు?" అంటుంది హైమవతి. నిజంగానే అడుగుతోంది.

నాంచారయ్యకు ఊరట కలగాలి. కలగదు. వాడే అయితే వెళ్ళి చొక్కా పట్టుకోవచ్చు. రోడ్డుకు చొక్కా ఎక్కడుంటుంది?

అయినా లేచి ఎర్ర కారు దగ్గరికి వెళ్తాడు. అందులో మనిషి అప్పటికే దిగి, తోలు టోపీ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. సన్నగా ఉన్నాడు, ముక్కుమీద తోలు ఎండకు లేచిపోయింది. పేరు ఎల్మర్ అని చెప్పుకుంటాడు.

"ఆమె మీ ఇంటావిడా?"

"నా భార్యే."

"మీతో మాట్లాడుతుందా?"

"ఇప్పుడేగా మాట్లాడింది."

ఎల్మర్ టోపీని ఇంకా గట్టిగా నలుపుతాడు. "ఎట్లా ఉంటుందండీ గొంతు? నాకు ఇంజను చప్పుడులో ఏమీ వినపడి చావదు."

నాంచారయ్య ఆలోచిస్తాడు. ఆ గొంతు ఇంత కాలం విన్నాడు, ఎట్లా ఉంటుందో చెప్పటానికి ఒక్క మాట దొరకదు. "మామూలుగానే ఉంటుంది," అంటాడు.

"మీరు అదృష్టవంతులు," అంటాడు ఎల్మర్. అతని కళ్ళు షెడ్డులో కాఫీ గ్లాసు మీద, క్యారియరు మీద, మేకుకు వేలాడుతున్న పాత చీరముక్క మీద ఒక్కొక్కటిగా ఆగుతున్నాయి. "నాకు తెలిసింది మెడ వెనక పుట్టుమచ్చ ఒక్కటే. జుట్టు మొదట్లో, కొంచెం ఎడమవైపు. మీకు తెలియందేముంది లెండి."

నాంచారయ్యకు తెలియదు.

"తెలుసు," అంటాడు.

పరుగెత్తుకుంటూ షెడ్డులోకి వచ్చి చక్రం దొర్లించుకుపోతాడు. అంత తొందరగా ఎన్నడూ ఎక్కించలేదు. ఆమె వెనక్కి వెళ్ళి మెడ చూడవచ్చు. చూడడు. అంతమందిలో ఇప్పుడు చూస్తే, మొదటిసారి చూస్తున్నట్టు ఎల్మర్‌కి తెలిసిపోతుంది.

"గట్టిగా తొక్కు," అంటాడు నట్టు బిగిస్తూ. "వాడికి అందకుండా పో."

"మీకు కూడా అందను. పర్లేదా?"

అతను స్పానరు ఇంకొక్క తిప్పు తిప్పి జాకీ దించుతాడు.

ఆమె పోతుంది. ఎర్ర కారు వెనకే పోతుంది, కానీ జానెడు దూరం మూరెడవుతుంది, బారెడవుతుంది. తర్వాతి చుట్టుకు ఎల్మర్ ఎంత వెనకబడ్డాడంటే, ఆమె దాటాక అతను వచ్చేలోపు నాంచారయ్య పప్పన్నం కలుపుకుని తిని చెయ్యి కడుక్కుంటాడు. ఎల్మర్ దాటిపోతున్నప్పుడు అతని ముఖం చూసి నాంచారయ్యకు మొదట సంతోషం వేస్తుంది. ఆ తర్వాత, ఆ మెడ ఇప్పుడు ఎవరికీ కనపడటం లేదు గదా అనిపించి, ఎందుకో దిగులేస్తుంది.

నలుపూ తెలుపూ గళ్ళ జెండా ఊగుతుంది. హైమవతి గెలుస్తుంది.

గెలిచినవాళ్ళకు ఇక్కడ పాల సీసా ఇస్తారు. ఆమె కారు తోకమీద కూర్చుని, తల వెనక్కి వంచి, సీసా ఎత్తి గటగటా తాగుతుంది. పై పెదవి మీద తెల్లటి గీత పడుతుంది. ఆ పాలు ఎవరి ఇంటివో నాంచారయ్యకు తెలియదు, అయినా ఆ గేదె మీద కూడా కోపం వస్తుంది. ఫొటోలవాళ్ళు అడ్డంగా నిలబడి అతన్ని పక్కకు జరగమంటారు, ఇంకా జరగమంటారు. ఫొటోలో అతని మోచెయ్యి మాత్రం పడుతుంది.

ఇద్దరూ షెడ్డులోంచి నడిచి ముందు తలుపు గుండా గవర్నరుపేటలోకి వస్తారు. మధ్యాహ్నం. వీధిలో ఒక్క ఆకు కూడా కదలడం లేదు. హైమవతి జుట్టు మాత్రం ఇంకా వెనక్కి ఎగురుతూనే ఉంది. మామూలుగానే అడుగులు వేస్తోంది, అయినా ఆమె పక్కన నడవాలంటే నాంచారయ్య పరుగెత్తాల్సి వస్తోంది. ఎదురొచ్చిన సోడాబండివాడు ఆమెకు దండం పెట్టి, వెనక వగరుస్తూ వస్తున్న నాంచారయ్యను "తమరెవరండీ?" అని అడుగుతాడు.

ఇంటికొచ్చి ఆమె నులక మంచం మీద అటు తిరిగి పడుకుంటుంది. నాంచారయ్య పక్కన పడుకుని, ఆమె నిద్రపోయిందో లేదో తెలుసుకోవటానికి వీపుకు చెవి ఆనిస్తాడు.

లోపల చాలామంది కూర్చుని ఉన్న చప్పుడు వినపడుతుంది. కాయితాలు మడుస్తున్నారు. వేరుశనక్కాయలు వలుస్తున్నారు. దూరంగా, మలుపు అవతల, ఒక్క ఇంజను వస్తోంది. ఆమె ఊపిరి లోపలికి తీసుకోగానే వాళ్ళంతా ఒక్కసారిగా లేచి నిలబడతారు.

"ఎవరే వచ్చేది?"

"నన్నడుగుతారేంటండీ, నేను పడుకుంటే," అంటుంది హైమవతి నిద్రలోనే.

ఇంజను దగ్గరవుతోంది. నాంచారయ్య మంచం మీద లేచి నిలబడతాడు. ఆమె వీపు అతని కాళ్ళ దగ్గర నుంచి కిందికి మెట్ల వరసలుగా దిగిపోతోంది, వరసల నిండా టోపీలు. మునివేళ్ళ మీద లేచి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మెడ చాపుతాడు. నులక ఊగుతోంది. అడుగున మలుపు దగ్గర పసుపో ఎరుపో తెలియని చుక్క ఒకటి మెరుస్తోంది.

వెనక నుంచి ఎవరో అతని భుజం తడతారు.

"కాస్త కూర్చోవయ్యా, మాకు కనపట్టంలా."

నాంచారయ్య కూర్చోడు.