పద్నాలుగు శాతం

"ఏసీ ఆపు. ఛార్జింగ్ దిగిపోతాంది" అన్నాడు జీవన్ కుమార్, నూటపదిహేనులో కారు తోలుతూ.

షాలిని ఆపింది. మిట్టమధ్యాహ్నం. మైదుకూరులో ఆడపడుచు ఇంటి నుంచి నంద్యాలకు వంద కిలోమీటర్లు. బయల్దేరేటప్పటికి బ్యాటరీ సరిగ్గా సగం ఉంది. ఎనభైలో నిదానంగా పోతే, ఏసీ వేసుకుని కూడా ఎక్కడా ఆగకుండా ఇల్లు చేరొచ్చు. పదహారేళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్తున్న మనిషికి ఆ మాత్రం లెక్క రాదా? పైగా కారు కొన్న ఈ పది నెలలూ రోజూ అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, వైరు గుంజి కారుకు ప్లగ్గు పెట్టింది ఎవరు? కారు ఆయనది, దాని ఆకలి ఈమెది. ఏ స్పీడుకు ఎంత తింటుందో ఆమెకు తెలిసినట్టు ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

"కొంచెం నిదానంగా పోండి. మూడింటికి నా ఇంటర్వ్యూ" అని రెండుసార్లు చెప్పింది.

"నీ లెక్కలు బళ్లో చెప్పుకో. తోలేది నువ్వా, నేనా?"

చెమటకు ఇస్త్రీ చీర వీపుకు అతుక్కుపోయింది. హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం. ఇన్నేళ్లలో రెండుసార్లు ఆమె పాఠం చెప్పడం నేర్పిన కుర్ర టీచర్లు ఆమెను దాటి పైకిపోయారు. ఈసారి వేరే బడి వాళ్లు వాళ్లంతట వాళ్లే పిలిచారు. వారం నుంచి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా అద్దం ముందు ఇంగ్లీషులో మాట్లాడి చూసుకుంటోంది. ఆయన మాత్రం లారీని దాటడం, బస్సును దాటడం, దాటిన ప్రతిసారీ అద్దంలో చూసుకుని మురిసిపోవడం.

ఆళ్లగడ్డ చేరేసరికి పద్నాలుగు శాతం. నంద్యాల ఇంకా నలభై కిలోమీటర్లు. చేసేది లేక ఛార్జింగ్ పాయింటు దగ్గర ఆపాడు. టైము ఒకటిన్నర. షాలిని దిగి, అలవాటుగా తానే కారుకు ఛార్జింగ్ గన్ను తగిలించింది.

"పది నిమిషాలు చాలండీ. అరవైలో పోతే చేరిపోతాం."

"అరవైలో పోయేదానికి ఎద్దులబండి కొనింటే సరిపోయేది. గంటన్నర పెడితే నిండుగా ఎక్కుతాది, మళ్లీ దుమ్ము లేపుకుంటా పోవచ్చు."

"మూడు దాటిపోతాది."

"దాటితే ఏందీ? వాళ్లేమన్నా పారిపోతారా?" అని చొక్కా సర్దుకున్నాడు. "మా ఫ్రెండు ఇస్సాకన్న ఈడనే ఉండాడంట. అన్నతో భోంచేసి వస్తా. నువ్వు ఈడ కూర్చొని చూస్తాండు."

ఎప్పుడూ జరిగేది అదే. పాణ్యంలో ఆగితే ఆయన టీకి పోయేవాడు, కర్నూలులో ఆగితే స్నేహితుల దగ్గరికి. ఈమె పాలపొయ్యి ముందు కూర్చున్నట్టు కారులో కూర్చుని అంకెలు చూసేది. నువ్వు తిన్నావా అని ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు. షాలినికి ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంతో, పది నెలలు నోరెత్తకుండా కూర్చున్న తన మీద అంతకు రెండింతలు.

సర్టిఫికెట్ల ఫైలు చేతిలోకి తీసుకుంది.

"మీరే చూస్కోండి. నేను బస్సుకు పోతాండా."

"ఏమే, పిచ్చా నీకు? కారు పెట్టుకుని బస్సులోనా? నలుగురు చూస్తే ఏమనుకుంటారు?"

ఆమె అప్పటికే రోడ్డు దాటింది. నంద్యాల బస్సు వస్తే చెయ్యెత్తి ఆపి, ఎక్కి, కండక్టరుకు ఆధార్ చూపి ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్ తీసుకుంది. బస్సు ఏ ఊరినీ వదలకుండా ఆగుతూ పోయింది. ఫోను ఆరుసార్లు మోగింది. ఎత్తలేదు.

మూడుకు అయిదు నిమిషాలుండగా బడి గేటు దాటింది. చీర నలిగింది, జుట్టు రేగింది. కరస్పాండెంట్ బాలస్వామి ఫైలు తిరగేశాడు, రెండు ప్రశ్నలు అడిగాడు, బాగుందన్నాడు. ఆ పైన కళ్లజోడు తీసి, ఆడవాళ్లను మాత్రమే అడిగే ప్రశ్న అడిగాడు.

"పొద్దుపోయేదాకా పని ఉంటాదమ్మా. మరి ఇంట్లో సార్ ఒప్పుకున్నాడా?"

షాలిని నవ్వింది.

"ఆయన ఇంకా ఆళ్లగడ్డలోనే ఉండాడు సార్. ఒప్పుకునేదాకా ఆగింటే నేనూ ఆడనే ఉందును."