ఫిట్ అని రాసియ్యి, బావా

మంగళారం, శుక్రారం వస్తన్నాయంటే ముందు రోజు నుంచే నాను అప్పన్నకి మొక్కుకోడం మొదలెడతాను. మా అత్త సింహాచలమ్మకి ఆ రెండు రోజులూ డయాలిసిస్. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ నుంచి బయల్దేరి, కాసాయి నది వంతెన దాటి, మేదినీపూర్‌లో ఆస్పత్రికెల్లాలి. ఎల్లీది మా ఆయన సెకండ్ హ్యాండ్‌లో కొన్న జర్మనీ కారులో. అది ఎప్పుడు ఎక్కడ ఆగిపోతాదో దాన్ని తయారు సేసినోడికి కూడా తెలీదు.

సింహాచలమ్మ నాకు వట్టి అత్త కాదు, మేనత్త. అందుకే పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా మా ఆయన ప్రేమ్‌కుమార్‌ని నాను బావా అనే పిలుస్తాను. ఆయనకి రైల్వే వర్క్‌షాపులో పని. రిపేరయిన రైలు పెట్టెల బ్రేకులూ సక్రాలూ సూసి, బాగుంటే ఫిట్ అని సంతకం పెట్టాలి. బాగులేకపోతే సుద్దముక్కతో పెట్టె మీద సిక్ అని రాసీసి పక్క లైనుకి తోసీమంటాడు. ఒకసారి బువ్వ దగ్గర కూసోని, ఒక బోల్టు బిగించి ఉందా లేదా అని అనుమానం వచ్చి, సెయ్యి కడిగీసుకుని మళ్ళీ సైకిలెక్కి ఎల్లినాడు. బోల్టు బిగించే ఉంది. అలాటి మనిషి.

కారు కొన్నది షోకుకి కాదు, అబద్ధం ఎందుకాడాలి? ఆటోలో తీసుకెల్తే గతుకులకి అత్తకి వాంతులయ్యేవి. లోకల్ ట్రైనంటే మెట్లెక్కలేదు. అప్పుడే ఎవరో కాంట్రాక్టరు అమ్మీస్తన్నాడని ఈ నల్లకారు సూసొచ్చినాడు బావ. తోలు సీటు, వాలిస్తే మంచంలా వాలుతాది, లోపల సల్లగా ఉంటాది. మొదటి రోజు అత్త అందులో పడుకుని, "మాయమ్మ ఒళ్ళో పడుకున్నట్టుందిరా నాయినా" అన్నాది. ఆ ఒక్క మాటకి మా బావ మురిసి ముక్కలయిపోనాడు.

పైన పటారం, లోన లొటారం. మూడో వారమే పూరీ గేట్ దగ్గర స్టీరింగ్ ముందరున్న దీపాలన్నీ ఎర్రగా ఎలిగినాయి, ఇంజన్ సచ్చిపోనాది. పావుగంటయ్యాక, ఏటీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయినాది. తాల్‌బగీచాలో రాబిన్ దాదా అని మెకానిక్ ఉన్నాడు. మంచోడే. కంప్యూటర్ తగిలించి సూసి సెన్సర్ అన్నాడు, మార్చినాడు. ఇంకోసారి వైరింగన్నాడు. ఇంకోసారి పంపన్నాడు. ప్రతిసారీ నవ్వుతా తాళాలు సేతిలో పెట్టి, "ఎబార్ ఠీక్ హై, బౌదీ" అంటాడు, ఈసారి బాగయిపోనాది వదినా అని. నాను అతనికి వదిన్ని గనక నవ్వి తీసుకోవాలి. నాకు మాత్రం ఆ తాళాలు సూస్తేనే భయం.

"ఈ కారు అమ్మీ బావా, ఇది మనకి అచ్చిరాలేదు" అంటే ఇనడు.

"ఇరవైనాలుగు పెట్టెల బండిని నడిపించినోళ్ళం, ఈ నాలుగు సక్రాలది మాకొక లెక్కేటే?"

వర్క్‌షాపోళ్ళకి ఇదొక జబ్బు. షెడ్డులోకెల్లింది బాగుపడకుండా బయటికి రాదని ఆళ్ళ నమ్మకం. మా ఇంట్లో ఫ్యాను నా పెళ్ళికన్నా పాతది, అదీ ఇంకా తిరుగుతానే ఉంది, కోళ్ళు అరిసినట్టు అరుసుకుంటా.

ఈ గొడవలో అత్త ఒకపక్క సన్నబడిపోతన్నాది. డాక్టరు రోజుకి ఇంత అని కొలిసి తాగమన్న నీళ్ళు కూడా తాగదు. మంచం పక్కన గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంటాది. పెదాలు పగిలిపోనాయి.

"ఓలత్తా, ఈ మాత్రమైనా తాగకపోతే ఎలాగే?"

"దాహం లేదే, ఒగ్గీ."

డయాలిసిస్ అయ్యాక బీపీ పడిపోయి, కళ్ళు తేలేసి, సీటు వాల్చుకుని అలా పడుంటాది. బావ అది సూపించి, "సూసినావా? ఈ మనిషిని ఆ బ్యాటరీ రిక్షా టోటోలో కూసోబెడతావా?" అంటాడు.

మొన్న శుక్రారం ఆస్పత్రికెల్తంటే సరిగ్గా వంతెన మధ్యలో ఆగిపోనాది. అన్ని దీపాలూ ఎర్రగా ఎలిగి, ఆ తర్వాత అవీ ఆరిపోనాయి. ఏసీ ఆగిపోనాది, అద్దాలు దిగవు. బయట మే నెల ఎండ. ఎనకాల లారీలు ఒకటే హారన్లు. బావ దిగి బానెట్టు ఎత్తినాడు. నాను తలుపు తీసి పట్టుకున్నాను. పక్కనుంచి లారీ ఎల్తే కారంతా ఊగుతాది, ఆ తలుపెక్కడ ఎగిరిపోతాదో అని భయం. అత్త సెయ్యి పట్టుకుంటే ఐసులా ఉంది. నీరు సేరిపోయి ఊపిరాడదేమో, ఈ వంతెన మీదే అయిపోద్దేమో అని నాకు పానాలు పైపైనే ఎగిరిపోనాయి. "అప్పన్నా, సింహాద్రప్పన్నా" అని గట్టిగానే ఏడిసినాను. అత్త మాత్రం కళ్ళు మూసుకుని, "ఏటీ అవదే. నాకు బాగానే ఉంది. ఆణ్ణి తిట్టకు" అంటన్నాది.

నలభై నిమిషాలు. ఆఖరికి ఎవరో పుణ్యాత్ముడు వ్యాను ఆపి ఎక్కించుకున్నాడు. ఆస్పత్రిలో సిస్టర్, "ఒంట్లో నీరు పెద్దగా సేరలేదు, అదృష్టం" అన్నాది. నాను ఆ దేవుడికి దండం పెట్టినాను.

బావ కారుని తాడు కట్టించి రాబిన్ దాదా షెడ్డుకి లాగించినాడు. శని, ఆది, సోమ, మూడ్రోజులూ డ్యూటీ లేనప్పుడల్లా అక్కడే కూసున్నాడు. సోమవారం సీకటి పడే ఏళకి తెచ్చి గుమ్మం ముందర పెట్టినాడు. కడిగి మెరిపించినాడు కూడా.

"మెయిన్ కంప్యూటరే మార్చీసినాం. ఇంక దిగుల్లేదు. రేపు ఇందులోనే ఎల్దాం" అన్నాడు.

"దింపుడు కళ్ళం ఆశంటే ఇదే బావా."

"ఊరుకో, శుభమా అని బాగయొస్తే."

ఆ రాత్రి నాకు కన్నంటలేదు. తెల్లారి ఆరింటికి టీ పెట్టి, మా ఎదురింటి టోని టోటో నడుపుతాడు, ఆడికి కేకేసి ఏడింటికి ఉండమన్నాను. తర్వాత నోటుబుక్కులోంచి ఒక కాయితం సింపి, పెన్నుతో సహా బావ ముందర పెట్టినాను.

"ఏటిది?"

"ఈ బండి ఫిట్టు, సింహాచలమ్మని ఎక్కించొచ్చు అని రాసియ్యి. కింద సంతకం పెట్టు, తేదీ ఎయ్యి."

నవ్వినాడు. "పొద్దున్నే ఎగతాళేటే?"

"ఎగతాళి కాదు. ముక్కూ మొకం తెలీనోళ్ళు ఎక్కే పెట్టెకి బువ్వ మధ్యలో లెగిసి సైకిలెక్కినావు. ఇది నీ కన్నతల్లి. నువ్వు సంతకం పెడితే నాను మాటాడకుండా ఎక్కుతాను. నా మీదొట్టు."

బావకి కోపమొచ్చినాది. పెన్ను లాక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, 'ఈ బండి' అని రాసినాడు. ఆగినాడు. కిటికీలోంచి కారుకేసి సూసినాడు. "రాబిన్ దాదా టెస్ట్ సేసినాడు. నానూ పక్కన కూసున్నాను" అన్నాడు. నాను కాయితం ఇంకా దగ్గరికి జరిపినాను. "నిన్న దార్లో ఒక్కసారే ఆ దీపం ఎలిగినాది. ఎంటనే ఆరిపోనాది" అన్నాడు మళ్ళీ, నెమ్మదిగా. ఆ సంగతి నిన్న నాకు సెప్పలేదు.

నాకు జాలేసినాది, అబద్ధమెందుకు. ఆ కాయితం తీసీసుకుందామా అనిపించినాది. అయినా తియ్యలేదు.

పెన్ను కింద పెట్టి లెగిసినాడు. ఎప్పుడూ సొక్కా జేబులో ఉండే సుద్దముక్క తీసి, బయటికెల్లి, మెరిసిపోతన్న ఆ నల్లటి తలుపు మీద ఇంగ్లీషులో పెద్ద అచ్చరాలతో సిక్ అని రాసినాడు. దాని కింద సంతకం పెట్టి, తేదీ ఎయ్యడం కూడా మరిసిపోలేదు. ఆ తర్వాత టోటో సీటు మీద రెండు దిళ్ళు సర్ది, ఎనకాల ఒక బొంత కట్టినాడు.

అత్తని సెయ్యట్టుకుని గుమ్మంలోకి తీసుకొచ్చినాను. కారు మీద రాత సూసినాది. రైల్వే ఇంటి మనిషి, ఆ మాట సదవడం వచ్చు. టోటోని సూసినాది. గుమ్మంలోనే సతికిలబడిపోనాది.

"మీనా, ఒక గ్లాసుడు నీళ్ళియ్యే."

"నీళ్ళా? దాహం లేదంటావు కదే?"

"నిన్నటి నీళ్ళే ఇయ్యి. డాక్టరు కొలత దాటదులే. నిన్నా తాగలేదు, మొన్నా తాగలేదు."

"ఎందుకు తాగలేదే అత్తా?"

కారుకేసి గెడ్డంతో సూపించినాది. "అది ఎక్కడాగిపోతాదో అని. ఒంట్లో నీరు తక్కువుంటే, ఆస్పత్రికి ఆలీసమైనా కూసింతసేపు ఊపిరి నిలుస్తాది కదా. ముందు రోజు నుంచే మానీసీదాన్ని."

ఆ పగిలిన పెదాలూ, పడిపోయే బీపీ, సిస్టర్ అన్న ఆ అదృష్టమూ, అన్నీ ఇదేనా!

"మరి సెప్పలేదేటే, మాయమ్మా?"

"ఆడు నా కోసం కొన్నాడే. ఎలాగ సెప్పీది?"

బావ టోటో దగ్గరే నిలబడి అంతా ఇన్నాడు. సుద్ద అంటుకున్న సేతులు లుంగీకి తుడుసుకుని లోపలికెల్లినాడు. కుండలోంచి గ్లాసుడు నీళ్ళు తనే ముంచి తెచ్చి, తల్లి ముందర గొంతుక్కూసున్నాడు. అత్త ఆ గ్లాసు రెండు సేతులా పట్టుకుని, గటగటా, ఊపిరి తీసుకోకుండా తాగినాది. తాగినంతసేపూ బావ గ్లాసు కేసే సూస్తన్నాడు. ఖాళీ గ్లాసు అందుకుని, "ఇంకూసిన్ని తెమ్మంటావా అమ్మా?" అన్నాడు.