ఊఁ అన్నంత మాత్రాన

సూదులత్త మోకాళ్లు ఆమెకు ఏడాది ముందే నోటీసు ఇచ్చేశాయి. ఎక్కేటప్పుడు ఎడమది, దిగేటప్పుడు కుడిది వంతులు వేసుకుని సతాయించేవి. ముప్పై రెండేళ్లుగా సూదులు, దారపు ఉండలు, గుండీలు, కత్తెరలు మూటగట్టుకుని, కొండ మీది మెట్ల పొలాల వెంట నాలుగు రోజులు నడిచి, చిట్టచివరి పైఊరిదాకా పోయి వస్తున్న మనిషి. ఆ దారిలో నాలుగు ఊళ్లు, ఊరికో భాష. నాలుగింటిలోనూ బేరమాడగలదు, మూడింటిలో తిట్టగలదు. నాలుగో భాషలో తిట్లు ఉన్నాయో లేవో ఇప్పటికీ తేలలేదు.

ఆ భాషల కోసమే ట్రెక్కింగ్ కంపెనీ మేనేజరు ఆమె గడప తొక్కాడు. ఇంట్లోనూ ఎండలోనూ తీయని టోపీ ఒకటి ఉండేది అతనికి. అందుకని ఆమె లెక్కలో అతను టోపీ బాబు.

"మా అతిథులు పైఊరిదాకా నడుస్తారత్తా. పొలాల గట్ల మీది దారి సన్నం. దాన్ని రెండు మూరల వెడల్పు చేయాలి. ఊరు ఒప్పుకుందని కాగితం తెస్తేనే సర్కారు ఆఫీసువాళ్లు అనుమతిస్తారట. వాళ్ల భాష తెలిసినవాళ్లు సాక్షి సంతకం పెట్టాలట."

"నాకేం ఒరుగుతుంది?"

"కొండ కింద, మేం పెట్టిన గేటు పక్కన మీకో కొట్టు. షట్టరుంది, ఫ్యానుంది. హాయిగా కూర్చుని అమ్ముకోండి."

ఫ్యాను అన్న మాటకు మోకాళ్లు రెండూ ఒకేసారి సరే అన్నాయి. ఆమె మాత్రం ఒక పూట ఆగింది. వచ్చిన బేరాన్ని ఒక పూట నిలవబెట్టి చూడటం ఆమె పద్ధతి. చెడ్డదైతే అంతలోకి వాసన వస్తుంది. ఈ బేరం వాసన రాలేదు. ఊరివాళ్లు ఒప్పుకుంటే ఒప్పుకున్నారని, లేదంటే లేదని రాయడమే కదా తన పని అనుకుని బయల్దేరింది. కంపెనీవాళ్లు కాషాయరంగు కోటొకటి తొడిగారు. మూట మాత్రం ఎప్పటిదే.

మొదటి రోజు కింది పొలాల గుండా నడక. మడి మీద మడి, మడికీ మడికీ మధ్య రాతి గట్టు. పై మడిలో నిండిన నీళ్లు చెక్క దోనెలోంచి కింది మడిలోకి జారుతున్నాయి. టోపీ బాబు ఫోను చేతిలో పట్టుకుని నడుస్తున్నాడు.

"దారిలో ప్రతి మాటా రికార్డు చేస్తున్నానత్తా. ఆఫీసుకి చూపించాలి."

"చెయ్యి బాబూ. నా మాటలు పాచిపోయేవి కావు."

దారి విసుగు తెలియకుండా ఆమె కథ ఎత్తుకుంది. ఒకసారి ఎవరిదో కంచరగాడిద తన గుండీల పొట్లం మింగేస్తే మూడు రోజులు దాని వెనకాలే నడిచి ఎన్ని మింగిందో అన్నీ రాబట్టుకున్న కథ. టోపీ బాబు ఫోనులో ఏదో వెతుక్కుంటూ "ఊఁ" అన్నాడు. గాడిద దొరికిన చోటా "ఊఁ", గుండీలు దొరికిన చోటా "ఊఁ" అన్నాడు. నవ్వాల్సిన చోట నవ్వలేదు. ఆమెకు అనుమానం వచ్చింది.

"ఈ మూటలో సూదులన్నీ నువ్వే కొనేస్తావా బాబూ?"

"ఊఁ."

"కత్తెరలు కూడా?"

"ఊఁ ఊఁ."

ఆమె మూట సర్దుకుని ముందుకు నడిచింది. ఆ మూడు ఊఁలనూ మనసులో ఒక మూలన భద్రంగా దాచుకుంది.

రెండో రోజు సాయంత్రం నేతగాళ్ల ఊరు చేరారు. ఎప్పుడూ బస చేసే ఇంటి గడపలో కాలు పెట్టకముందే ఆ ఇంటి కోడలు ఎదురొచ్చి, ఆమె వీపు మీది మూటను రెండు చేతులా పట్టి దించింది. టోపీ బాబు అప్పటికే తన సంచి అరుగు మీద పడేసి నడుం విరుచుకుంటున్నాడు.

"కాసేపు ఆగితే వాళ్లే దించేవాళ్లు బాబూ."

"నా సంచికి కూలీలెందుకత్తా?"

"కూలీ కాదయ్యా. ఈ కొండ మీద లెక్క వేరు. మనిషి ఏదైనా అడగడానికి వస్తే, ముందు నిలబెట్టి వింటారు. నచ్చితే బరువు దించుతారు. దించితేనే మాట ఖాయం. దించలేదంటే విన్నారంతే, ఒప్పుకోలేదు."

అతను బూటు విప్పి బొబ్బ చూసుకుంటూ "ఊఁ" అన్నాడు.

మూడో రోజు దారి నిటారుగా లేచింది. పైకి పోయేకొద్దీ మళ్లు సన్నబడ్డాయి. కొన్ని మూడు నాగటి చాళ్లు పట్టేంత, కొన్ని రెండు చాళ్లకే సరి. ఒక మలుపు దగ్గర ముసలాయన ఒకడు కూలిన గట్టు కడుతున్నాడు. రాయిని చేతిలో తిప్పి, దాని కడుపు ఎటో వీపు ఎటో చూసి, సందులో కూర్చోబెట్టి, అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తున్నాడు. రాళ్ల మధ్య మట్టి లేదు, సిమెంటు లేదు. సూదులత్త అక్కడ నిలబడి గట్టు మీద అడుగులతో కొలిచింది. రెండు మూరల దారి వేస్తే ప్రతి మడిలోనూ ఒక చాలు పోతుంది. మూడు చాళ్లలో ఒకటి. అంటే పైఊరు ఏడాదిలో నాలుగు నెలలు తినే తిండి. బేరం వాసన ఆమెకు అప్పుడు, మూడో రోజున వచ్చింది.

"ఈ సంగతి నువ్వు వాళ్లకి చెబుతావా బాబూ?"

"అన్నీ చెబుతానత్తా. హోటళ్లొస్తాయి, పనులొస్తాయి..."

"చాలు పోతుందని?"

"దారి బాగవుతుందని."

నాలుగో రోజు పొద్దెక్కేసరికి పైఊరు చేరారు. పలకరాతి కప్పులు, అరుగుల నిండా కుట్టుపని పరుచుకున్న ఆడవాళ్లు. ఊరి పెద్ద వాళ్లలో అందరికన్నా ముసలామె. సూదులత్తను చూడగానే సూది రవికకు గుచ్చుకుని లేచి వచ్చింది.

"ఈసారి ఆలస్యం చేశావు చెల్లీ. నా దగ్గర ఒక్క సూదే మిగిలింది, అదీ వంకరది."

"మోకాళ్లను బతిమాలుకుంటూ వచ్చానక్కా."

పెద్దామె మూట దించింది. టోపీ బాబు సంచి ఈసారి అతని వీపు మీదే ఉంది. కాగితాలు తీయడానికి ఒక పట్టీ మాత్రం సడలించి, ఫోను అరుగు మీద నిలబెట్టి, ఉపన్యాసం మొదలెట్టాడు. అతిథులు, హోటళ్లు, పనులు, పేరు. సూదులత్త ప్రతి మాటా వాళ్ల భాషలో చెప్పింది. ఒక్కటీ తగ్గించలేదు. చివర్లో తన సొంతంగా ఒకే మాట చేర్చింది: "అక్కా, మడికో చాలు పోతుంది." పెద్దామె ప్రతిదానికీ "ఊఁ" అంది. చాలు మాటకు కూడా "ఊఁ" అంది. ఆ ఊఁ మిగతా వాటికన్నా కాస్త పొడుగ్గా వచ్చింది.

టోపీ బాబు ఫోను తీసుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"పదకొండుసార్లు ఊఁ అన్నారు. ఒక్కసారీ కాదనలేదు. ఇక సంతకం పెట్టండత్తా."

కాగితం మీద ముందే అచ్చు వేసి ఉంది: ఊరు పూర్తి సమ్మతి తెలిపినది.

"ఆమె వింది బాబూ. ఒప్పుకోలేదు."

"ఊఁ అంటే ఏ భాషలోనైనా ఊఁ అనే కదా."

"అలాగా. మొదటి రోజు రికార్డు పెట్టు."

"ఎందుకు?"

"గాడిద కథ దగ్గర పెట్టు. నువ్వు సరిగా వినలేదు. మంచి కథ."

అతను గొణుక్కుంటూనే పెట్టాడు. ఫోనులోంచి సూదులత్త గొంతు వచ్చింది: సూదులన్నీ నువ్వే కొనేస్తావా బాబూ? వెంటనే అతని గొంతు: ఊఁ. కత్తెరలు కూడా? ఊఁ ఊఁ.

సూదులత్త మూట అతని ముందుకు జరిపింది.

"ఇక ఇదంతా నీదే. లెక్క చూసుకుని తీసుకో. కత్తెరలకైతే రెండుసార్లు ఒప్పుకున్నావు."

"నేనేదో ఊ కొట్టానత్తా. అది ఒప్పుకోవడం ఎలా అవుతుంది?"

"అదే నేను చెప్పేది."

ఆమె ఆ సంగతి పైఊరి భాషలో చెప్పింది. అరుగుల మీద ఆడవాళ్లు కుట్టు ఆపేసి నవ్వారు. ఒకామె దారం ముడి తప్పిందని విసుక్కుంటూనే నవ్వింది. పెద్దామె నవ్వలేదు. అతని దగ్గరకు వచ్చి, వీపు మీది సంచిని చూసింది.

"విన్నాను. విన్నానని చెప్పాను. నీ సంచి నేను దించానా?"

సూదులత్త ఆ మాట అతనికి చెప్పింది.

"అయితే ఇప్పుడు నేరుగా అడుగుతున్నాను. ఒప్పుకుంటారా లేదా?"

పెద్దామె అతని భుజం మీద జారిన పట్టీని పైకి లాగి, బిగించి, సర్ది పెట్టింది. దీనికి సూదులత్త అర్థం చెప్పనక్కరలేకపోయింది.

టోపీ బాబు సూదులత్తను గోడవారకు తీసుకెళ్లాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. కొత్త తాళంచెవి, ఇంకా నూనె అంటుకునే ఉంది.

"వీళ్ల మాట కొండ కింద ఆఫీసులో ఎవరికర్థమవుతుందత్తా? మీ సంతకం ఉంటే చాలు. రేపటినుంచి కొట్టు మీది. ఇంకెన్నాళ్లు మోస్తారు?"

ఆమె తాళంచెవిని అరచేతిలో ఎగరేసి బరువు చూసింది. తేలికే. షట్టరు, ఫ్యాను, కూర్చోవడం. ఎడమ మోకాలు ఆ పూట నిజంగానే ఆమెను బతిమాలింది. కానీ గేటు దగ్గర కూర్చుని ఎవరికి అమ్మాలి? పైఊళ్ల ఆడవాళ్లు ఆమె సూదులు కొనేది అవి వంగవని. ఆమె మాటా వంగదని. ఒకసారి వంగిన సూదిని మళ్లీ ఎవరు కొంటారు?

తాళంచెవి తిరిగి అతని జేబులోనే వేసింది. కాషాయరంగు కోటు విప్పి, మడత పెట్టి, అతని చేతుల్లో పెట్టింది.

"ఇదీ నీదే. చంకలో కాస్త చెమట ఉంటుంది. ఉతికించుకో."

"గేటు దగ్గర టోకెను లేనిదే ఎవర్నీ పైకి పంపంత్తా. మీ వ్యాపారం పోతుంది."

"గేటు దారికి కదా వేశావు. దానికి అటుపక్కా కొండే, ఇటుపక్కా కొండే. ముప్పై రెండేళ్లు నేను దారి ఎక్కడుందో చూసుకుని నడిచానా? నేను నడిచిన చోటే దారి పడింది."

కాగితం అడిగి తీసుకుంది. సంతకం చేస్తోందనుకుని అతను పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. అచ్చు మాటలను అడ్డంగా ఒకే గీతతో కొట్టేసి, కింద గుండ్రటి అక్షరాలతో రాసింది: విన్నారు. ఒప్పుకోలేదు. సంతకం చేసి అతని చేతిలో పెట్టింది.

"ఇది ఆఫీసుకి ఇస్తానా నేను?"

"ఇవ్వవని తెలుసు. అందుకే రెండోది."

సూదులు చుట్టి వచ్చే నల్ల కాగితం ఒకటి విప్పి, లోపలి తెల్ల వైపు అవే మాటలు రాసింది. మడికో చాలు పోతుందన్నది కూడా చేర్చింది. పెద్దామెకు రాయడం రాదు. ఆమె కాగితం మూల పట్టుకుని, కొత్త సూదిలో ఎర్రదారం ఎక్కించి, తన ఇంటి దుప్పట్ల అంచున కుట్టే గుర్తు కుట్టింది. మూడు మెట్లు, పైన ఒక చుక్క. ముడి వేసి, దారం పళ్లతో తెంపింది. ఆమె వెనక ఒక్కొక్కరే లేచి వచ్చారు. ఇంటికో గుర్తు. కాగితం చిల్లులు పడి చినుగుతుందేమోనని సూదులత్తకు భయం వేసింది. కానీ ఆ చేతులు అంతకన్నా పలచని బట్ట మీద కుట్టినవి.

దిగేటప్పుడు టోపీ బాబు ఆమె వెనకే నడిచాడు. వేరే గతి లేదు, దారి అతనికి తెలియదు. ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ నాచు ఉందో ఆమె చెబుతూనే ఉంది. తీసుకొచ్చిన మనిషిని తిరిగి దించడం కూడా బేరంలో భాగమే.

"మీరు మొండివాళ్లత్తా," అన్నాడు మూడో రోజు.

"ఊఁ," అంది ఆమె.

కొండ దిగాక ఇంటికి పోలేదు. మూటతోనే నేరుగా ఆఫీసుకు వెళ్లింది. పొడుగాటి బల్ల, దాని వెనక గుమాస్తా, అతని వెనక ఫైళ్ల కట్టలు. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. దాని వంక ఆమె ఒక్కసారే చూసింది.

"కూర్చోమ్మా. ఆ మూట కింద పెట్టి చెప్పు."

"ముందు విను బాబూ. మూట సంగతి తర్వాత."

కాగితం బల్ల మీద పరిచి మొదటినుంచి చెప్పింది. దారి వెడల్పు, పోయే చాళ్లు, ఊరి మాట. గుమాస్తా ఇంకేదో ఫైలు తిరగేస్తూ "ఊఁ, ఊఁ" అంటున్నాడు.

ఆమె ఆగిపోయింది. అతను తలెత్తి చూశాడు.

"ఊఁ అనకు బాబూ," అంది సూదులత్త. "రాసుకో."

అతను ఆమెను చూశాడు, కాగితం అంచున వరసగా ఉన్న ఎర్ర కుట్లను చూశాడు. ఒక కుట్టు మీద వేలు పెట్టి తడిమాడు. మెల్లగా ఫైలు మూసి, రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

"నిలబడే చెబుతావా? మోకాళ్లు నొప్పెట్టడం లేదా?"

"నొప్పెడుతున్నాయి. నువ్వు రాయి."

అతను రాయడం మొదలుపెట్టాడు. మూట ఆమె వీపు మీదే ఉంది. ఆఖరి వాక్యం రాసి, తేదీ వేసి, నంబరు వేసి, ముద్ర కొట్టాక, గుమాస్తా బల్ల చుట్టూ తిరిగి వచ్చి రెండు చేతులూ చాచాడు.

"ఇటివ్వమ్మా," అన్నాడు. "దించుతాను."