కరవని బూటు

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. భర్త పోయాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చెయ్యి నిదానం. తొందరున్నవాళ్ళు ఈ కథ మా తమ్ముడి నోటే వినవచ్చు. అందులో వాడి తప్పు వెతికినా దొరకదు.

వాడికి బూట్ల కార్ఖానా ఉంది. కార్ఖానా అంటే రెండు గదులు, కొందరు పనివాళ్ళు, పైతోలు కుట్టే నేను. కొత్త రకం బూటు తయారైతే, అమ్మకానికి పెట్టేముందు వాడే కొన్నాళ్ళు తొడుక్కుని తిరుగుతాడు. కరిస్తే ఆ రకాన్ని మానేస్తాం. మంచి పద్ధతే. ఈసారి మాత్రం తొడుక్కున్న రోజే ఒక పెద్ద దుకాణదారుతో, "కరిస్తే నన్ను ఈ బూటుతోనే కొట్టండి" అనేశాడు.

కొన్నాళ్ళకు వాడికి జ్వరం, వణుకు పట్టుకున్నాయి. షుగరున్న మనిషి కదా అని మరదలు బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను. రక్తం తీసి పరీక్ష చేశారు.

"తెల్లకణాలు బాగా పెరిగాయి," అంది డాక్టరమ్మ. "సీఆర్‌పీ కూడా చాలా ఎక్కువ. ఒంట్లో ఎక్కడో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టుంది."

"తెల్లకణాలంటే రోగంతో పోరాడేవే కదండీ? ఎక్కువుంటే మంచిదేగా," అన్నాడు తమ్ముడు.

"మీ వీధి నిండా పోలీసులు దిగితే వీధి బాగున్నట్టా?"

మరదలు తల దించుకుని నవ్వింది.

"రోగం ఎక్కడుందో ఈ పరీక్ష చెప్పదు," అంది డాక్టరమ్మ. "మీరే చెప్పాలి. దగ్గుందా? మూత్రంలో మంట? పంటి నొప్పి? పుండేమైనా?"

"ఏమీ లేదండి. నిక్షేపంలా ఉన్నాను."

"అయితే బూట్లు విప్పండి. కాళ్ళు చూడాలి."

వాడు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. "కాళ్ళకేమండీ, రాళ్ళలా ఉన్నాయి. ఊపిరితిత్తులు చూడండి."

ఊపిరితిత్తులట. తోలు వాసనలో బతికినదాన్ని. ఆ బూటులోంచి వచ్చేది తోలు వాసన కాదు.

"విప్పరా," అన్నాను.

"నువ్వూరుకో అక్కా. ఆ దుకాణం ఆర్డరు చేతికొచ్చాక విప్పుతాను."

"అప్పటికి బూటుంటుంది. అందులో పెట్టడానికి కాలుండదు."

"బయటికి తెలిస్తే నా పరువేం కావాలి?"

మరదలు లేచింది. "మీ పరువు బూటులో ఉందని తెలీదు నాకు. వదినా, మీరు మోకాలు పట్టుకోండి, నేను లాగుతాను."

లాగింది. మేజోడు మడమకు అంటుకుపోయింది. తడిపి తీస్తే కింద నల్లబడిన గుంట, చీము, చీలమండ దాకా ఎర్రటి వాపు. బూటు కరిచిందని ఒప్పుకోలేక, ఆ పుండు మీదే రోజూ అదే బూటు బిగించాడు మహానుభావుడు. సొంత రక్తం గోలపెట్టినా చెవిన పెట్టలేదు.

"ఇంకొంచెం ఆలస్యమైతే కాలు పోయేది," అంది డాక్టరమ్మ. "ఇప్పుడైనా దక్కుతుందని మాటివ్వలేను."

కుళ్ళిన కండ కోసేశారు. సెలైన్లు ఎక్కించారు. మళ్ళీ మళ్ళీ రక్తం చూశారు. అంకెలు దిగాయి, కాలు దక్కింది.

దుకాణదారు పరామర్శకు వచ్చాడు. తమ్ముడు మంచం మీంచే చెప్పాడు: "బూటు బంగారమండీ. నా మడమే కొలతకు రాలేదు."

"ఇప్పుడొచ్చింది లెండి," అంది మరదలు. "డాక్టరమ్మ చెక్కి పెట్టింది."

ఇట్లు, కార్ఖానాలో అందరూ సూదక్క అని పిలిచేదాన్ని. వయసు అరవై ఏడు. ఇప్పుడుంటున్నది ఆ కార్ఖానా మీది గదిలోనే.