ఎంగిలి పటకారు

గుడియాత్తం నేతవీధిలో పళ్ళు పీకేవాడు పాపన్. ప్రతి శుక్రవారం కులపెద్ద చౌడప్ప ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. దవడలు వాచినవాళ్ళు వరసగా వచ్చేవారు. ఒకరి పన్ను పీకిన పటకారును పంచెకు తుడిచి, మరొకరి నోట్లో పెట్టేవాడు.

1913 ఎండాకాలంలో దవడ చీముపట్టి ఆ వీధిలో ఇద్దరు చనిపోయారు. ఒకరు అదే వీధిలో మగ్గం నేసే తంగమ్మ చెల్లెలు, పాపన్ దగ్గరే పన్ను పీకించుకున్నది. చివరి రోజుల్లో చెల్లెలి నోటి కంపు భరించలేక తంగమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని గంజి తాగించింది. అది చూసి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

మరుసటి నెల వేలూరు ఆస్పత్రి కాంపౌండరు లోకనాథం వచ్చి చౌడప్పతో, పాపన్‌తో మాట్లాడాడు. పాపన్ పని పాపన్‌దే. కాని ఒక్కో పన్నుకు ముందు పటకారు నీళ్ళలో ఉడికించాలి. చీముపట్టినవాళ్ళను వీధివాళ్ళే బండి కట్టి వేలూరికి పంపాలన్నాడు.

అన్నిటికీ తలలూపారు. కుండ దగ్గర మాట ఆగింది.

"ఎవురింటి కుండ ఇచ్చేది? ఊరోళ్ళ ఎంగిలంతా దాంట్లో ఉడకాల గదా," అన్నాడు చౌడప్ప.

"ఆ ఎంగిలి నోట్లో పెట్టించుకునేదానికి అడ్డం లేదు గదప్పా," అంది అరుగు కింద నిలబడ్డ తంగమ్మ.

ఆమె తన ఇంటికి వెళ్ళి, పడుగు నూలుకు పెట్టే గంజి కాచే కుండ తెచ్చి, అరుగు ముందు మూడు రాళ్ళమీద పెట్టి మంట వేసింది. పాపన్ పటకారు అందులో వేశాడు.

నీళ్ళు కాగాయి. ముందు గోధుమరంగు నురుగు లేచింది. తర్వాత పటకారు కీలులోంచి నల్లటి ముద్దలు ఊడివచ్చాయి. ఎండిన పంటిచిగురు పేలిక ఒకటి మెత్తబడి నీళ్ళమీద తిరగసాగింది. కుళ్ళిన మాంసం వాసన వీధంతా కమ్మింది. తంగమ్మ కాలువ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుంది. మూతి తుడుచుకుని తిరిగివచ్చింది.

"రాప్పా, చూడు. దీన్నే మా చెల్లి నోట్లో పెట్టినాడు."

చౌడప్ప తొంగిచూశాడు. పోయిన వారమే పన్ను పీకించుకున్న చెంపను పట్టుకుని, పక్కకు తిరిగి ఉమ్మాడు. మళ్ళీ మళ్ళీ ఉమ్ముతూనే ఉన్నాడు.

"నాకు ఎవురూ చెప్పలేదమ్మా," అన్నాడు పాపన్ తల వంచుకుని.

"ఎవురు చెప్పాల? నీకు కండ్లు లేవా, ముక్కు లేదా?"

ఆ కుండ అరుగు దగ్గరే ఉండిపోయింది. ఏడాదిలో నలుగురిని బండిలో వేలూరికి పంపితే నలుగురూ బతికి వచ్చారు. శుక్రవారాల్లో మంట వేసేది తంగమ్మే. ఆ వాసన ఆమెకు ఎన్నడూ అలవాటు కాలేదు. ఆ పూట అన్నం ముట్టేది కాదు. పాపన్ పటకారు బయటికి తీయబోతే, అతని మొహం చూడకుండానే, "ఇంకా ఉడకనీ," అనేది.